జెముడుకాకి కాకి కాదు

ఇష్టమైన పక్షులేవని తెలుగు పండితుణ్ణి అడిగితే హంస, చకోరం, చాతకం అని జవాబు వస్తుందని అందరూ ఎదురుచూస్తారు. ప్రబంధాలలో వాటికున్న గౌరవం సామాన్యమైనది కాదు, ఆ గౌరవానికి నేను అడ్డు చెప్పను. అయినా నా మనసుకు దగ్గరైనవి మాత్రం జెముడుకాకి, పసులపోలిగాడు, పాలపిట్ట. వీటిని ప్రతిదినమూ చూడవచ్చు. అంతకు మించి, వీటి పేర్లు నిఘంటువులలో పుట్టినవి కావు.

జెముడుకాకినే చూడండి. నల్లని ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రని కళ్ళు. ఎగరడం కంటె పొదల నడుమ నడవడమే దానికి అలవాటు. చూపుకు కాకిలా ఉంటుంది గాని, శాస్త్రజ్ఞులు దానిని కోకిల కుటుంబంలో చేర్చారు. కోకిలకు సంస్కృతంలో పరభృతమని పేరు, పరులచేత పెంచబడినదని అర్థం. జెముడుకాకి మాత్రం తన గూడు తానే కట్టుకొని పిల్లలను తానే పెంచుకుంటుంది. ముళ్ళకంచెల నీడలో తిరిగే నల్లపిట్ట అన్న సంగతిని రెండు మాటలలో ఇమిడ్చిన ఆ పల్లెటూరివాని కన్ను ఎంత నిశితమైనదో!

పసులపోలిగాడు మరీ చిత్రం. పశువు వీపుమీద సవారీ చేస్తూ, అది మేసేటప్పుడు గడ్డిలోనుంచి లేచే పురుగులను గాలిలోనే పట్టి తింటుంది. గూటివైపు వస్తే గద్దను సైతం తరిమికొడుతుంది. ఇంత చిన్నపిట్టకు "గాడు" అని చనువుగా పేరు పెట్టినవాడు పశువులకాపరియే అయి ఉండాలి. కంసాలిపిట్ట, వడ్రంగిపిట్ట, గిజిగాడు కూడా ఇటువంటివే. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క పరిశీలన.

ఈనాడు పక్షులను చూసేవారికి కొదవ లేదు. ఒకరి ముఖం ఒకరు ఎరుగకపోయినా, తాము చూసినదాన్ని ఒకేచోట నమోదు చేస్తున్నారు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ముప్పై వేలమందికి పైగా పక్షిప్రేమికులు ఈబర్డ్‌లో నమోదు చేసిన సుమారు మూడు కోట్ల పరిశీలనలే ఆధారం. జీతం లేదు, బిరుదు లేదు, పిట్టమీది ప్రేమే వారిని కలిపింది. ఇటువంటి సత్సాంగత్యం ఏ విద్యారంగంలోనైనా అరుదు.

అయితే ఈ సంఘంలో ఒక లోటు నన్ను బాధిస్తున్నది. మనవాళ్ళు పట్టికలు వ్రాసేది ఇంగ్లీషు పేర్లతో. తెలుగు పేర్లు ఎరిగిన గొర్రెలకాపరులు, యానాదులు, చెంచులు ఆ పట్టికలలో కానరారు. పేర్లు తెలిసినవారు ఒక ఒడ్డున, పట్టికలు వ్రాసేవారు మరొక ఒడ్డున ఉండిపోయారు.

దీనివల్ల నష్టమేమిటని అడిగేవారికి కలివికోడి కథే జవాబు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన జెర్డాన్ కనుగొన్న ఈ పక్షి 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900 తరువాత ఎనభై ఏళ్ళకు పైగా దాని జాడ నమోదు కాలేదు. అంతరించిపోయిందనే పెద్దలు తలచారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది. దానిని పట్టి తెచ్చి పరిశోధకులకు చూపినవాడు ఐతన్న అనే స్థానికుడు. పొదల మాటున రాత్రివేళ తిరిగే ఆ పిట్టకు అక్కడివారి నోట పేరు నిలిచే ఉంది. పుస్తకాలలో చచ్చిపోయిన పక్షి మాటలో బ్రతికి ఉందన్నమాట! 1988లో ఏర్పడిన శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఆ పునర్దర్శనం ఫలితమే.

ఒక ఆక్షేపణ ఉంది. జానపదుల పేర్లు నిలకడ లేనివి, ఒక పిట్టకు పది పేర్లు, ఒక పేరుకు నాలుగు పిట్టలు, శాస్త్రానికి అవి పనికిరావని. నిజమే, నిశ్చయమైన గుర్తింపునకు శాస్త్రీయనామం ఉండవలసిందే. కాని ఒక పిట్టకు పది పేర్లుంటే అవి పది సీమల చూపులు. మాండలికాన్ని తప్పుగా భావించే రోజులు పోయాయి కదా, పిట్టల విషయంలో మాత్రం ఆ పాతబుద్ధి ఎందుకు? జెర్డాన్ తన గ్రంథంలో పక్షులకు తెలుగు పేర్లను కూడా సేకరించి పొందుపరిచాడు. పరదేశికి ఉన్న ఆ శ్రద్ధ మనకు ఉండవద్దా? పెద్ద నల్లంచి అనే చక్కని పేరుండగా, ఇంగ్లీషు పేరును ముక్కకు ముక్క అనువదించి కొత్త పేరు కట్టడం నాకు సమ్మతం కాదు.

పేరు ఒక్కటే పక్షిని కాపాడదని కూడా ఒప్పుకోవాలి. పాలపిట్ట పేరు ఎరుగని తెలుగువాడు ఉండడు. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాష్ట్రపక్షి, 2014 నుండి తెలంగాణకు కూడా అదే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మిక. ఆ నమ్మికను సొమ్ము చేసుకోవడానికి దానిని పట్టి, పంజరంలో పెట్టి, వీధివీధికీ త్రిప్పేవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2023 నివేదికలో, గణనీయంగా తగ్గిపోతున్న పక్షుల జాబితాలో పాలపిట్ట కూడా ఉంది. బందీని చూసి శుభం కోరుకోవడం ఏ ధర్మమో నాకు అర్థం కాదు. పొలం గట్టుమీది తీగమీద నుంచి నీలిరెక్కలు విప్పి అది మిడుతపైకి దూకినప్పుడు చూడాలి. దసరా దర్శనమంటే అది.

మిత్రులకు నా మనవి ఇదే. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మీ తాతగారినో, మేకలు కాసే పెద్దమనిషినో అడగండి. ఏ పిట్టను ఏమంటారు, ఎందుకంటారు, అది ఎక్కడ గూడు పెడుతుంది, వెనుకటిలా ఇప్పుడూ కనబడుతున్నదా? వారు చెప్పినది చెప్పినట్లే, ఊరి పేరుతో సహా వ్రాసి ఉంచండి. చూసిన పిట్ట పక్కన ఆ పేరు కూడా చేర్చండి. మొదటగా తీతువుకు మీ ప్రాంతంలో ఏ పేరుందో నాకు తెలియజేయండి.