తూము తీశాం, నీరు ఎవరి బోదెలోకి పోతోంది?

గుణదల పక్కనుంచి పారే ఏలూరు కాలువను రోజూ చూస్తూనే ఉన్నాం. ప్రకాశం బ్యారేజి దగ్గర నీరు వదిలారని పేపర్లో చదివినంత మాత్రాన శివారు రైతు మడి తడవదు. మధ్యలో ఏ తూము తెరిచారు, ఏ బోదెకు మళ్లించారు, లస్కరు చూశాడా లేదా అన్నదే అసలు లెక్క.

సంఘానికి రైతులు పంపే ఈమెయిళ్ల సంగతీ అంతే. గత సార్వా కోతల్లో పనలు తడిసిపోయిన ఒక కౌలు రైతు మన ఫిర్యాదుల చిరునామాకు ఫొటోలు, కౌలు కార్డు నకలు పంపారు. ఎన్నాళ్లకూ జవాబు లేదు. తర్వాత మీటింగులో ఆయన నిలదీస్తే వెతికాం. ఆ చిరునామాకు వచ్చినవన్నీ, రెండేళ్ల కిందట బాధ్యతల నుంచి తప్పుకున్న ఒక కార్యకర్త సొంత మెయిలుకు పోతున్నాయి. ఆయన దాన్ని తెరవడమే మానేశారు. ఉత్తరం తిరిగి రాలేదు కాబట్టి అందిందనే రైతు అనుకున్నారు. తప్పు ఆ కార్యకర్తది కాదు, దారి మార్చని మనది.

కోసి ఆరబెట్టిన పంట అకాల వర్షానికి పాడైతే పంటల బీమా నిబంధన ప్రకారం 72 గంటల్లోగా తెలియజేయాలి. 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం ఉంటేనే కౌలు కార్డు, అదీ 11 నెలలకే. ఇన్ని గడపలు తొక్కి వచ్చిన కౌలు రైతు చివరికి తన సంఘం గడప దగ్గరే ఆగిపోతే ఎలా?

ఇలాంటి చిరునామాకు సొంత పెట్టె ఉండదు. వచ్చినదాన్ని మరొకరి పెట్టెకు మళ్లించడమే దాని పని. అందుకే చిరునామా పదవిది, పెట్టె మనిషిది అని గుర్తుంచుకోవాలి. ఆధార్, పాసుపుస్తకం నకళ్లు కూడా అదే దారిన పోతాయి. బాధ్యత లేని చోట అవి పడి ఉండటం రైతుకు క్షేమం కాదు.

కాబట్టి మండల కమిటీలన్నీ ఈ నెలలోనే నాలుగు పనులు చేయాలి. ఒకటి, ఏ చిరునామా ఎవరికి పోతోందో మినిట్స్ పుస్తకంలో రాయాలి. రెండు, ప్రతి చిరునామాకు కనీసం ఇద్దరు బాధ్యులు ఉండాలి. ఒకరు ఊళ్లో లేకపోతే మరొకరు చూస్తారు. మూడు, కమిటీ మారినప్పుడు రశీదు పుస్తకాలు, సీలుతోపాటు ఈ దారి కూడా అప్పగించాలి. పాత బాధ్యులు తమ దగ్గరున్న రైతుల కాగితాలు తుడిచేయాలి. పాత చిరునామాను మాత్రం తీసేయకూడదు, కరపత్రాల్లో అచ్చయి రైతుల దగ్గర ఉన్నది అదే. నాలుగు, ప్రతి నెలా ఒకటో తేదీన బయటి మెయిలు నుంచి ఒక ఉత్తరం పంపి, చేరిందో లేదో చూడాలి. స్పామ్ పెట్టె కూడా తెరవాలి, మళ్లించిన ఉత్తరాలు చాలాసార్లు అక్కడే చిక్కుకుంటాయి.

రైతు సోదరులకూ ఒక మాట. మూడు రోజుల్లో మా నుంచి జవాబు రాకపోతే అందలేదనే అనుకోండి, ఫోను చేసి గట్టిగా అడగండి. ఈ-పంటలో, బ్యాంకులో, ఆధార్‌లో మీ పేరు పక్కన ఉన్న ఫోను నంబరు ఇప్పటికీ మీ చేతిలో ఉన్నదేనా చూసుకోండి. కౌలుదారులైతే అక్కడ యజమాని నంబరు పడలేదు కదా అని మరీ చూసుకోండి.

నీరు శివారుకు అందలేదని ఇరిగేషన్ ఆఫీసు ముందు ధర్నా చేసే సంఘం మనది. ముందు మన బోదె మనం బాగు చేసుకుందాం.