గీజరు వాల్వుకు బిరడా వేయించకండి



గాజువాక మొదలు మద్దిలపాలెం దాకా చాలా ఇళ్ళలో గీజర్లున్నాయి. సేఫ్టీ వాల్వు నుండి బొట్లు పడితే "మూసెయ్యి బాబూ" అని ప్లంబరును తొందరపెట్టేది మనమే. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడి బయటికి పోయే దారి అదే. దానిని మూశాక థర్మోస్టాట్ కూడా చెడితే ట్యాంకు పేలవచ్చును. ఆగకుండా కారితే కొత్త వాల్వు వేయించండి.

మంచి ప్లంబరు వాల్వు మూయడు, ఎర్తింగు లేని ప్లగ్గుకు గీజరు కలపనివ్వడు. అలా "కాదు" అన్న పనివానిని మెచ్చుకోవాలేగాని, మానిపించి మరొకరిని పిలవరాదని మా అభిప్రాయము.

60 డిగ్రీల నీరు కొద్ది సెకండ్లలోనే పసివాళ్ళ ఒళ్ళు కాలుస్తుంది. బకెట్లో ముందు చన్నీళ్ళు పోయండి. కాలితే 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. సిరా, టూత్‌పేస్టు పూయవద్దు.