సీ భాషలో ఫ్లాగుల బెడద

మన విద్యార్థులలో పలువురు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుచున్నారు. వారిలో ననేకులకు తొలి పాఠము సీ భాషయే. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ రూపొందించిన యీ భాషకు 1999వ సంవత్సరపు ప్రమాణము వెలువడువఱకు సత్యాసత్యములను దెలుపు ప్రత్యేకమైన టైపు లేకుండెను. సున్న యసత్యము, సున్న కానిదెల్ల సత్యము, అంతియే. అందుచే పూర్ణాంకమునే ఫ్లాగుగా, అనగా అవును కాదను గుర్తుగా, నిలుపు నాచారము వచ్చినది. ఈ యాచారమును మితిమీఱి యనుసరింపరాదని మా యభిప్రాయము.

తరగతిలో దఱచుగా నిచ్చు లెక్కనే చూతము. ఒక సంఖ్య ప్రధానసంఖ్య యగునా, కాదా? ఫ్లాగును మొదట సున్నగా నుంచి, 2 మొదలుకొని భాగించుచు, దేనిచేనైనను నిశ్శేషముగా భాగింపబడినచో ఫ్లాగును 1 చేసి, తుదకు ఫ్లాగు సున్నగానే యున్నచో ప్రధానసంఖ్య యని ముద్రించుట వాడుక. ఈ ప్రోగ్రామునకు 1 నిచ్చి చూడుడు. భాగించు పని యొక్కమాఱైనను జరుగదు; ఫ్లాగు సున్నగానే నిలుచును; 1 ప్రధానసంఖ్య యని యంత్రము ప్రకటించును! ఎవరును విచారింపని ప్రశ్నకు ఫ్లాగు ముందే యుత్తరము చెప్పి కూర్చున్నది.

ఆ పనినే వేఱొక ఫంక్షనుగా వ్రాసి, దాని ప్రయోజనమును దెలుపు పేరిడుడు. సంఖ్య 2 కంటె తక్కువైనచో వెంటనే కాదని చెప్పవలెను. భాజకము దొరకినతోడనే కాదని చెప్పవలెను. ఏదియు దొరకనిచో నవునని చెప్పవలెను. ఇక ఫ్లాగుతో బని లేదు.

ఫ్లాగులు పెరిగినకొలది చిక్కు రెట్టింపగుచు పోవును. మూడింటికి 8 స్థితులు, అయిదింటికి 32. ఒక ఫైలు తెఱువబడినదా, మూయబడినదా, చెడినదా యని మూడు ఫ్లాగు లుంచినవాడు, ఏకకాలమున తెఱువబడియు మూయబడియు నున్న ఫైలునకు గూడ తావిచ్చినవాడే. అట్టిచోట మూడు పేళ్లుగల యొక్క ఈనమ్ చాలును.

ఫ్లాగును 1తో సరిపోల్చుట మఱియొక దోషము. అక్షరమగునా యని పరీక్షించు ఈజ్‌ఆల్ఫా ఫంక్షను, అవునన్నచో, సున్న కాని యేదో యొక సంఖ్య నిచ్చును. అది 1 యే కానక్కఱలేదు.

ఫంక్షనునకు నిర్గమద్వార మొక్కటియే యుండవలెనని కొందఱు బోధింతురు. తీసికొన్న మెమరీని విడువవలసినచోట నా మాట గౌరవింపదగినదే. కాని పది పంక్తుల ఫంక్షనులో నా నియమముకొఱకై ఫ్లాగును పోషించుట వ్యర్థము.

ఒక హెచ్చరిక. రూపమును జక్కజేయుట వేఱు, తప్పును దిద్దుట వేఱు. ముందు ఫలితము మాఱకుండ ఫ్లాగును తొలగించి, 2, 9, 97 మొదలగు సంఖ్యలతో పరీక్షించి, పిదపనే 1ని గూర్చిన తప్పును దిద్దవలెను. రెంటిని గలిపి చేసినచో, ఏ మార్పువలన నేమి జరిగినదో తెలియకపోవును.

ఉపాధ్యాయులకు మా విన్నపము: సరియైన యుత్తరము వచ్చినంతమాత్రమున పూర్తి మార్కు లీయక, వ్రాసిన తీరును గూడ చూడుడు. విద్యార్థులారా, మీ ప్రోగ్రామును యంత్రముతో పాటు మనుష్యుడును చదువును. రేపు దానిని సవరింపవలసినవాడు మీ తోడివాడే కావచ్చును. అతని శ్రమను నేడే తగ్గింపుడు.