ఫ్యాన్ కొనేముందు పిన్నులు లెక్కపెట్టండి

అర్ధరాత్రి 2 గంటలకు మనం రెండరింగ్ పెడితే, ఫ్యాన్ల రొదకి పక్క మంచం వాడి నిద్ర గోవిందా! అందుకే పీసీ ఫ్యాన్ కొనేటప్పుడు రంగు లైట్లు కాదు, పిన్నులు చూడాలంటాను. 4 పిన్నులుంటే పీడబ్ల్యూఎం రకం. వేడిని బట్టి మదర్‌బోర్డే వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది.

స్పెసిఫికేషన్లలో శబ్దం అంకెలు చూసి మోసపోకండి. నాక్టువా డెసిబెల్స్‌లో చెబుతుంది, ఆర్కిటిక్ సోన్‌లలో. రెంటినీ నేరుగా ఎలా పోలుస్తాం? పైగా అవి సాధారణంగా ఫుల్ స్పీడ్ లెక్కలు. వేగం సగం చేస్తే గాలి సగానికి తగ్గుతుంది, రొద మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. కాబట్టి కేస్‌లో పడితే 120 బదులు 140 మి.మీ. ఫ్యాన్ పెట్టి నెమ్మదిగా తిప్పడమే మేలు.

అన్నట్టు, బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ మార్చడానికి పైసా ఖర్చు లేదు. ముందు అది చేయండి, కొనడం తర్వాత!