రంగు పూసిన ముఖము

1978 జనవరిలో మరణించిన ఆంగ్ల హాస్యనటుడు మైకేల్ బేట్సు 1920లో మన ఝాన్సీలో జన్మించెను, రెండవ ప్రపంచయుద్ధమున బర్మారంగమున గూర్ఖాలతో పనిచేసెను, హిందూస్థానీ నెఱిగినవాడు. అట్టివాడు బి.బి.సి. వారి 'ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్' (1974-81) అను టెలివిజను హాస్య ధారావాహికలో ముఖమునకు చామనచాయ రంగు పూసికొని, 1945 నాటి దేవలాలీ సైనికశిబిరమున రంగీరామ్ అను బేరరు వేషము కట్టెను.

ఆయన నేర్పు సామాన్యము కాదు. తానును బ్రిటిషువాడనే యని ఱొమ్ము విరుచుకొను ఆ బేరరువంటివారు ఆనాటి మన కచేరీలలో లేకపోలేదు. అంతవఱకు ఆ పరిహాసము మనకు తగినదే!

కాని ఆ వేషమునకు తగిన భారతీయ నటుడు లభింపలేదను సమాధానము మాకు రుచింపదు. ఢాకాలో పుట్టిన డీనో షఫీకు అదే నాటకమున చాయ్‌వాలాగను, బాబర్ భట్టీ పంకావాలాగను ఉండిరి. చిన్న వేషములకు దొరకినవారు పెద్ద వేషమునకేల దొరకరైరి? ఇది నటునిపై నేరము కాదు, పాత్రలు పంచినవారిపై ప్రశ్న.

ఆ నాటకమును నాశనము చేయనక్కఱలేదు. చూడగోరువారు కొని చూతురుగాక. బి.బి.సి. దానిని మఱల ప్రసారము చేయకుండుట మాత్రము న్యాయమే. ఆ సంస్థకు రుసుము చెల్లించువారిలో మన సంతతివారును లక్షలకొలది కలరు.