ఏరువాకనాటి రూపాయి, కోతలనాటి రూపాయి

ప్రతి సంవత్సరమును జూన్ మాసమున పాఠశాల తలుపులు తెఱచిన దినములలో ఒక దృశ్యము మా కంటబడుచుండును. చెప్పులు వాకిట విడిచి, తలపాగ విప్పి చేతబట్టుకొని, రైతొకడు ఆఫీసుగది గుమ్మమునొద్ద నిలుచుండును. “అయ్యా, ఫీజునకు ఒక్క నెల గడువిప్పించుడు” అని యతడు వేడుకొనును. చెంతనే కుమారుడు తలవంచుకొని నేల జూచుచుండును. వారు వెడలిన పిమ్మట మనలో కొందఱనుకొను మాట యొకటి కలదు. “వీరికి ముందుచూపు లేదు. సంక్రాంతికి చేతినిండ సొమ్మున్నప్పుడు వెచ్చించి, ఇప్పుడు దేహీ యందురు.” ఈ మాట న్యాయమైనదేనా యని విచారించుటయే మా యుద్దేశము.

పూర్వపు అర్థశాస్త్రజ్ఞులు పలువురు మనుష్యుని లెక్కయందు ఎన్నడును తప్పని వానిగా భావించి తమ సిద్ధాంతములను కట్టిరి. లాభమెక్కుడుగా నున్నచోటికే మనుజుడు పోవుననియు, నేటి రూపాయిని రేపటి రూపాయిని సరిగా తూచి చూచుననియు వారి యూహ. మనస్తత్త్వ శాస్త్రజ్ఞులైన డేనియల్ కానిమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అను నిరువురు 1979వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసము ఈ యూహను కదలించినది. వచ్చిన నూఱు రూపాయలు కలిగించు సంతోషముకంటె, పోయిన నూఱు రూపాయలు కలిగించు దుఃఖమే అధికమని వారు చూపిరి. ఈ మాట మన యవ్వల కెవరును నేర్పనక్కఱలేదు. అయినను, దానిని శాస్త్రమునకెక్కించిన కృషికి 2002లో కానిమన్ పండితునకు నోబెల్ బహుమానము లభించినది. ట్వెర్‌స్కీ 1996లోనే గతించెను.

ఈ విచారణ దూరదేశములకే చెందినది కాదు. మన పాలమూరు సీమలోని ఔరేపల్లి, డోకూరు గ్రామములలోను, మహారాష్ట్రమందలి కొన్ని గ్రామములలోను హాన్స్ బిన్స్‌వాంగర్ అను శాస్త్రజ్ఞుడు పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థ పక్షమున ఒక పరీక్ష జరిపి, దాని ఫలితములను 1980లో ప్రకటించెను. గ్రామస్థులు కొన్ని పందెములలో నొకదానిని కోరుకొనవలెను. పిమ్మట నాణెము నెగురవేయుదురు. ఒక పందెమున బొమ్మ పడినను బొరుసు పడినను 50 రూపాయలు నిశ్చయముగా వచ్చును. వేఱొకదానిలో ఒకవైపు పడిన 30, మఱియొకవైపు పడిన 150. కడపటిదానిలో ఒకవైపు సున్న, రెండవవైపు 200. ఆ దినములలో 50 రూపాయలనగా కూలివానికి అనేక దినముల కష్టార్జితము. పందెము చిన్నదైనప్పుడు వారి కోరికలు నానావిధములుగా నుండెను. పెద్దదైనప్పుడో, ఇంచుమించుగా నందఱును మధ్యమార్గమునే పట్టిరి. కలవాడు లేనివాడు అను భేదము ఇందు పెద్దగా కనబడలేదు. బీదవాడు స్వభావముచేతనే పిఱికివాడనియు, ధనికుడు స్వభావముచేతనే సాహసియనియు చెప్పువారి కిది తగిన ప్రత్యుత్తరము.

మఱి బీదవానికిని కలవానికిని నడుమ నున్న భేదమెక్కడిది? తమిళనాడునందలి 464 మంది చెఱకు రైతులను పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశోధన యొకటి దీనికి కొంత వెలుగునిచ్చుచున్నది. ఆ రైతులకు కోతకు ముందొకసారి, కోత యనంతర మొకసారి బుద్ధిని పరీక్షించు చిక్కు ప్రశ్నలిచ్చిరి. కోతకు ముందు చేతిలో సొమ్ములేక, తాకట్టులు అప్పులు మీదబడియున్న కాలము. కోత యనంతరము చేయి తిరిగిన కాలము. ఆ రైతే, ఆ బుద్ధియే. అయినను కోత పిమ్మట వారిచ్చిన సమాధానములు మేలుగా నుండెను. అప్పువానికేమి చెప్పుదునా, విత్తనమెట్లు తెత్తునా యను చింత మనస్సు నాక్రమించినపుడు, వేఱు విషయములకు చోటు తక్కువగునని పరిశోధకుల యభిప్రాయము. కావున ఆఫీసు గుమ్మమునొద్ద మనము చూచునది ఆ మనుష్యుని బుద్ధి కాదు. ఏరువాకనాటి యాతని బరువు.

ముందుచూపు లేకుండుట బీదలకే పరిమితమైన దోషము కూడ కాదు. నెలజీతము తప్పక వచ్చు అమెరికా ఉద్యోగులు సైతము వృద్ధాప్యమునకై కూడబెట్టుటను రేపురేపని వాయిదా వేయుచుండిరి. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనువారు ఒక యుపాయము చెప్పిరి: నేటి జీతమున కోత వద్దు, ముందు పెరుగబోవు జీతములో కొంత భాగము నిలువచేయుటకు ఇప్పుడే యొప్పుకొనుడు. ఒప్పుకొన్నవారి నిలువ నలువది నెలలలో జీతమున నూటికి 3.5 నుండి 13.6కు పెరిగెనని వారు 2004లో తెలిపిరి. మనుష్యులు మాఱలేదు, ఏర్పాటు మాఱినది. ఉపాధ్యాయులమైన మేమును మా నెలాఖరు దినములను తలచుకొన్నచో, ఇతరులకు ముందుచూపును బోధించుటకు కొంత సంకోచింపవలసియుండును.

పశ్చిమ కెన్యా రైతుల వృత్తాంతము మన విషయమునకు మఱింత దగ్గఱగా నున్నది. ఎరువు కొందుమని వారు తలచుదురు; నాటు దినములు వచ్చుసరికి సొమ్ముండదు. పంట చేతికి వచ్చిన వెంటనే, “ఇప్పుడే వెల చెల్లింపుడు, ఎరువును ఉచితముగా ఇల్లు చేర్చెదము” అని కొద్ది దినముల గడువుతో చెప్పి చూడగా, ఎరువు వాడువారు పెరిగిరి. నాటువేళ సగము ధరకు ఇచ్చినపుడు కలుగు ఫలమునకు ఇది ఇంచుమించు సమానమయ్యెనని 2011లో ప్రకటింపబడినది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పినదియు నిదియే గదా!

ఈ శాస్త్రమంతయు తిరుగులేనిదని మేమనము. న్యూయార్కు నగరమున అద్దెకారు నడుపువారు, రాబడి బాగుగానున్న దినముననే త్వరగా ఇల్లు చేరుదురని 1997లో కొందఱు వ్రాసిరి; హెన్రీ ఫార్బర్ అను పండితుడు పిమ్మట వేఱు లెక్కలతో దానిని ప్రశ్నించెను. వాదము జరుగుచుండుట శాస్త్రమునకు ఆరోగ్యమే. అయినను మన యెదుటనున్న చిన్న విషయమునకు చాలినంత వెలుగు లభించినదని మా నమ్మకము.

ఇక మా సూచన. విత్తనము, ఎరువు, కౌలు, పిల్లల పుస్తకములు అన్నియు ఒక్కసారిగా మీదబడు ఏరువాక దినములలోనే ఫీజులో పెద్దభాగమును మనమడుగుచున్నాము. జూన్ మాసమున స్వల్పభాగమునే పుచ్చుకొని, పెద్దభాగమును ధాన్యము అమ్ముడుపోవు దినములకు మార్చవలెను. సంక్రాంతి సెలవులకు ముందు ఒక వారము పాఠశాలలో ఒక బల్లవేసి, రాబోవు సంవత్సరపు ఫీజును ముందుగా చెల్లింపగోరువారికి రసీదిచ్చి పుచ్చుకొనవలెను. పంటలేని కూలివారికిని, మేస్త్రీలకును కోతకాలమనునది లేదు. వారినుండి వారమువారము కొద్దికొద్దిగా తీసికొనుట మేలు.

దీనివలన క్రమశిక్షణ చెడునని కొందఱనవచ్చును. గడువు తీసివేయుమని మేము కోరలేదు. చెల్లింపగల దినమున గడువు పెట్టుమని కోరితిమి. జూన్ మాసమున పాఠశాలకును ఖర్చులుండునని వేఱొకరు చెప్పవచ్చును. అది నిజమే. అందుచేతనే సంక్రాంతి బల్ల ముఖ్యము. అప్పుడు చేరిన సొమ్ము ఏరువాకలో పాఠశాలను ఆదుకొనును. మొదటి సంవత్సరము మాత్రము యాజమాన్యము కొంత కష్టము భరింపవలసివచ్చును. ఆ కష్టము ఒక్క బాలుని చదువు నిలుపునేని, అది వ్యర్థము కాదు.

విద్యార్థులారా! మీకును ఒక మాట. తండ్రి గుమ్మమునొద్ద నిలిచిన దినమున తలవంచుకొనవలదు. అతడు విత్తనమునకు దాచినదానిలోనుండి మీ చదువునకు భాగము తీయుచున్నాడు. రెండు పైరులలో దేనిని ముందు తడుపుదునాయని తికమకపడువాడు అవివేకి కాడు. తలిదండ్రులారా! మీరును సిగ్గుపడవలదు. రాగల సంక్రాంతికి బల్ల వేయుదురో లేదో పెద్దలు నిర్ణయింతురు. వేయని పక్షమున, మేము మరల వ్రాయుదుము.