మ్యాప్ చూసి ప్లాట్లు గీసేయకండి

సివిల్ చదివి కోడింగ్ కోచింగ్‌కి వెళ్తున్నారా? వెళ్లండి, తప్పేం లేదు. కానీ ఒకసారి అనంతగిరి వైపు చూడండి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం వల్ల గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు. 1997 నాటి సమతా తీర్పు కూడా ఈ మండలంలోని గనుల లీజుల మీదే వచ్చింది. కాబట్టి ఇక్కడ లేఅవుట్ అంటే వెంచర్ కాదు, పీఎం జన్‌మన్ లాంటి పథకాల కింద కట్టే గిరిజనుల కాలనీ. గోడ బీటలిస్తే మళ్లీ కట్టుకునే స్తోమత లేనివాళ్ల ఇళ్లు.

జీఎస్ఐ భూకోశ్ పోర్టల్‌లో కొండచరియల ముప్పు మ్యాప్ ఫ్రీగా దొరుకుతుంది. క్యూజీఐఎస్‌లో వేసి, రంగు చూసి 'సేఫ్' అనేయడం తేలికే. కానీ అది 1:50,000 స్కేలు. మ్యాప్ మీద సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. కాలనీ మొత్తం ఒక చుక్క!

ఇక్కడ ఎక్కువగా ఉండే రాయి ఖోండలైట్ (ఖోండ్ గిరిజనుల పేరే దానికి పెట్టారు). అది శిథిలమైతే ఎర్రమట్టి అవుతుంది. ఎండలో గట్టిగా కనిపిస్తుంది, వానకు నానితే పట్టు వదిలేస్తుంది. చదును కోసం వాలును నిలువుగా కోస్తే జారేది అక్కడే. బొర్రా వైపైతే సున్నపురాయి, కింద బోలు ఉండొచ్చు. ఇంకో తిరకాసు: ఎస్‌పీటీ గొట్టం దిగకుండా ఆగిపోతే అడుగు రాయి తగిలిందనుకుంటాం. అది మట్టిలో ఇరుక్కున్న బండ కావచ్చు. అందుకే నాలుగుచోట్ల గోతులు తవ్వించి, దిగి చూడాలి. వానాకాలంలో ఊట ఎక్కడ పుడుతుందో ఊరి పెద్దల్ని అడగాలి.

ఇంటర్వ్యూకి ముందు ఐఎస్ 1892 తిరగేయండి. నన్నడిగితే, పది ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కంటే మీరే దిగి రాసిన ఒక్క గొయ్యి రిపోర్టు మేలు: ఎంత లోతులో ఏ మట్టి, నీళ్లు ఎక్కడ తగిలాయి. జల్లెడ, లిక్విడ్ లిమిట్ పరికరం మీ కాలేజీ ల్యాబ్‌లోనే ఉంటాయి, తాళం అడిగి తీయించండి.